డ్రమ్ము దగ్గర నేను పిలవలేదు

తమ్ముళ్ళూ, పోరాటం ఎలా మొదలైందో చెప్పమన్నారు. నా సిగ్గుమాలిన పనితో మొదలైంది. అది మింగేసి మిగతాది చెప్పలేను.

మాది తోళ్ళు పదునుచేసే కార్ఖానా. గది ఎత్తు కొయ్య డ్రమ్ముల్లో తోళ్ళూ మందునీళ్ళూ పోసి తిప్పుతాం. అడుగున పేరుకున్న మడ్డి గీకడానికి ఒక మనిషి లోపలికి దూరతాడు. డ్రమ్ము తిప్పే మీట నొక్కేవాడు ముందుగా మూడుసార్లు లోపలివాణ్ణి పిలవాలి. ఒకప్పుడు మీటకు తాళం కూడా ఉండేది. వేస్తూ తీస్తూ పని ఆలస్యమవుతోందని కాంట్రాక్టరు పీకించేశాడు.

ఆ రోజు మీట దగ్గర నేనున్నాను. లోపలున్నది అవతలి మసీదు మనిషి. అందరం ముసల్మానులమే. నమాజులో వాళ్ళు చేతులు కట్టుకుంటారు, మేం వదిలేస్తాం. దానిమీద తాతలనాటి తగువు. వాళ్ళకు సలాం కూడా చెప్పొద్దని మా పెద్దలు, మాకు చెప్పొద్దని వాళ్ళ పెద్దలు. కాంట్రాక్టరు రెండు జట్లకూ వేరువేరు కుళాయిలు పెట్టించాడు. మన దీన్ అంటే, మన మతమంటే ఈయనకెంత గౌరవమో అని మురిసిపోయాం, వెర్రివెధవలం.

పిలిస్తే నేనే ముందుగా వాళ్ళతో మాట్లాడినట్టవుతుంది. మావాళ్ళు చూస్తున్నారు. ఈపాటికి బయటికొచ్చే ఉంటాడులే అనుకుని మీట నొక్కాను. అతను అప్పుడే బయటికి రాబోతున్నాడు. డ్రమ్ముకీ పక్కనున్న స్తంభానికీ మధ్య కుడిచెయ్యి నలిగిపోయింది. మోచేతి దాకా తీసేశారు.

కాంట్రాక్టరు నన్ను ఆఫీసులోకి పిలిచి కుర్చీ వేశాడు. వాళ్ళవాడి కోసం నువ్వు జైలుకెళ్తావా అన్నాడు. మూడుసార్లు పిలిచానని రాసిన కాగితం మీద సంతకం పెట్టాను. మావాళ్ళంతా సాక్షి సంతకాలు చేశారు. తప్పు అతని అజాగ్రత్తదే అని అతన్ని పనిలోంచి తీసేశారు. మావాళ్ళు నా భుజం తట్టారు.

నాలుగోనాడు ఉండబట్టలేక ఆస్పత్రికెళ్ళాను. గుమ్మంలోనే ఆగిపోయాను. అతను మంచం మీద కూర్చుని నమాజు చేస్తున్నాడు. కట్టుకోవడానికి రెండో చెయ్యి లేదు. ఉన్న చేతిని ఛాతీ మీద పెట్టుకున్నాడు. నా మీద నాకే అసహ్యమేసింది. పలకరించకుండా తిరిగొచ్చేశాను.

మర్నాడు పొద్దున కార్ఖానా కూత కాకముందే గేటు దగ్గర అందరి ముందూ జరిగింది చెప్పేశాను. పరువు తీశావు కదరా అని మా మామ అరిచాడు. తోళ్ళు ఆరబెట్టే చోట పనిచేసే అతని భార్య వచ్చి నా చెంప ఛెళ్ళుమనిపించింది. ఎవరూ అడ్డు రాలేదు.

"తాళం ఉంటే, నువ్వు పిలవకపోయినా తిరిగేదా?" అని అడిగింది.

"తిరిగేది కాదు."

"పీకించిందెవరు?"

అందరూ ఆఫీసు వైపు చూశారు. అయినా వాదన ఆగలేదు. మీరు దొంగసాక్ష్యం చెప్పారని వాళ్ళు, రేపు మీరైనా ఇంతే చేస్తారని మావాళ్ళు తిట్టుకున్నారు. చివరికి మా మామే గొంతు తగ్గించి, "ఇవాళ నా కొడుకు డ్రమ్ములోకి దిగుతాడు. మీట మీద వాళ్ళ పిల్లాడు. వాడు పిలవకపోతే నేనెవర్ని అడగను?" అన్నాడు. ప్రతి మీటకూ తాళం వేసేదాకా, అతన్ని పనిలోకి తీసుకునేదాకా డ్రమ్ములు తిప్పకూడదని అక్కడే తీర్మానించాం.

మధ్యాహ్నానికి కాంట్రాక్టరు పోలీసుల్ని తెచ్చాడు. నీ నోటితోనే ఒప్పుకున్నావుగా, జీపెక్కు అన్నారు. న్యాయమే అనిపించి ఎక్కాను. అతని భార్య వచ్చి జీపుకు అడ్డంగా నేలమీద కూర్చుంది.

"నిన్ను మాఫ్ చేశాననుకోకు, జన్మలో చెయ్యను. కానీ నువ్వొక్కడివే పోతే తాళం పీకించినవాడు తప్పించుకుంటాడు. వాడూ ఎక్కాలి."

మా మామ వెళ్ళి ఆవిడ పక్కన కూర్చున్నాడు. ఆ తర్వాత రెండు మసీదుల వాళ్ళూ ఒకరి వెనక ఒకరు కూర్చుంటూ గేటు దాకా నిండిపోయారు. జీపులో నేను తలెత్తలేకపోయాను.

ఆరోజు నన్ను తీసుకెళ్ళారు గానీ, తర్వాత బెయిలు మీద వచ్చాను. కాంట్రాక్టరు పేరు కేసులో ఇంకా చేరలేదు, డ్రమ్ములూ తిరగడం లేదు. పోరాట కమిటీలో ఆవిడ నా పక్కనే కూర్చుంటుంది. ఇప్పటికీ నాతో ఒక్క మాట మాట్లాడదు.