పాత్రలో మిగిలిన ద్రాక్షారసం

1997 జూన్ రెండవ వారంలో రెవరెండ్ జయకర్ గారు కుప్పం నుండి బదిలీపై మా పుంగనూరు సంఘానికి వచ్చారు. సామాను లారీలో ముందుగా దిగింది. రెండు బీరువాలు, ఒక కుట్టు మిషను, అట్టపెట్టెల నిండా పుస్తకాలు, కూతురి సైకిలు. మధ్యాహ్నం బస్సులో ఆయన, భార్య హేమలత గారు, పదో తరగతి చదవవలసిన కూతురు కీర్తి వచ్చారు. సంఘ కార్యదర్శిగా బంగళా తాళపుచెవులు నేనే స్వయంగా అందించాను. మా ఇంటి నుండి ఫ్లాస్కులో కాఫీ తెప్పించి మూడు కప్పుల్లో పోయించాను. తల్లీ కూతుళ్లు తాగారు. ఆయన మాత్రం తన కప్పును భార్య వైపు జరిపి, "ఇప్పుడే తాగి వచ్చాను సార్" అన్నారు.

బస్సు దిగినప్పటి నుండి ఆయన వెంట నేనే ఉన్నాను. ఎక్కడా తాగలేదు.

మదనపల్లెలో ఇరవై ఆరేళ్లు ఇంగ్లీషు బోధించి, ప్రధానోపాధ్యాయుడిగా పదవీ విరమణ చేసినవాణ్ని. చిన్న అబద్ధాన్ని పిల్లల ముఖంలోనే పట్టుకున్నవాణ్ని, పెద్దల ముఖంలో పట్టుకోలేనా? ఆ మాటను మనసులో గుర్తుపెట్టుకున్నాను.

నా అనుమానానికి మూలం చెప్పాలి. మా తాత చౌడేపల్లె దగ్గర ఒక పెద్ద కమతంలో పాలేరు. యజమాని ఇంటి వెనుక వంగి నిలబడి, పైనుండి పోస్తే దోసిలితో నీళ్లు తాగినవాడు. మిషన్ బడిలో మా నాన్న చదువుకున్నాడు, ఆ చదువు మీద నేను నిలబడ్డాను. మా సంఘంలో నూటికి తొంభై ఇళ్ల కథ ఇదే. ఈనాడు ఆ ఇళ్లలో టీచర్లున్నారు, నర్సులున్నారు, బస్సు కండక్టర్లున్నారు. ఒక మనిషి ఇంకొకరి ఇంట నీళ్లు ముట్టకపోవడానికి అర్థమేమిటో మాకు ఎవరూ నేర్పనక్కరలేదు.

జూన్ నెలాఖరులో గృహదర్శనాలు మొదలయ్యాయి. కొత్తగా వచ్చిన గురువు ప్రతి ఇంటికీ వెళ్లి ప్రార్థన చేయడం మా ఆచారం. ఇంటివారు కాఫీయో మజ్జిగో ఇవ్వడం, గురువు తీసుకోవడం కూడా ఆ ఆచారంలో భాగమే. మొదటి వారం ముగిసేసరికి స్త్రీల సహవాసం పెద్ద చెంగమ్మ మా గుమ్మంలో నిలబడింది.

"సార్, కొత్త అయ్యగారు ఎట్లాంటోడు?"

"ఎందుకమ్మా?"

"మారెమ్మవ్వ ఇంట్లో మజ్జిగిస్తే ముట్టనన్నా ముట్టలేదు. ఇంతసేపు ప్రార్థన చేసినాడు, గలాసు తట్టు సూడనన్నా సూడలేదు. ఆయమ్మకు కండ్లు సరిగ్గా తెలీవు కదా. ఆయన పోయినాంక గలాసు తడివి సూసుకోని, నిండుగానే ఉండాదే అని ఏడిసింది."

"ఉపవాసమేమో."

"ఉపవాసమా? మా ఇంట్లో రెండు వడలు తినినాడు. కాఫీ మాత్రం వద్దన్నాడు. వడలు అంగడివి సార్. కాఫీ మేము కాంచింది."

ఆ తేడా నాకు వెంటనే బోధపడింది.

జులై మొదటి ఆదివారం ప్రభురాత్రి భోజన సంస్కారం. మా సంఘంలో అందరికీ ఒకే పాత్ర. గురువు మొదట తాను పుచ్చుకొని, తరువాత మోకరించిన వారందరికీ అందిస్తారు. చివర మిగిలిన ద్రాక్షారసాన్ని పారబోయరాదు, దాచరాదు. గురువే పూర్తిగా తీసుకోవాలి. నా ఎరుకలో ఏడుగురు గురువులు ఈ నియమం తప్పలేదు. ఆ రోజు నూట ఇరవైమంది తీసుకున్న తరువాత పాత్రలో మూడవ వంతు మిగిలింది. సంఘ పెద్దగా నేను బల్ల పక్కనే నిలబడి ఉన్నాను. జయకర్ గారు పాత్రలోకి చూశారు. తరువాత దాన్ని నా చేతికిచ్చి, నాకు మాత్రమే వినబడేట్లు, "మీరు తీసుకోండి" అన్నారు.

తీసుకున్నాను. ఆ క్షణంలో బల్ల దగ్గర వాదన పెట్టడం తగదు. కాని సంఘమంతా చూసింది.

బయట చెప్పులు తొడుక్కుంటూ అంజినప్ప నా పక్కకు చేరాడు. ఆయన తాలూకా కార్యాలయంలో పనిచేసి రిటైరైన మనిషి, కమిటీ సభ్యుడు, ఊళ్లో ఏ మాట పుట్టినా ముందుగా చేరేది ఆయన చెవికే.

"నూటిరవై మంది ఎంగిలి సార్. ఆయప్ప నోటికి యాడ పోతాది? అందుకే మీకిచ్చినాడు."

"అంత మాట అనకూడదు అంజినప్పా."

"నేను అనకపోతే ఊరుకుంటారా? కడప పక్క పెద్ద కులమోళ్లంట. తాతకాలంలో కలిసినారంట మతంలో. మతమైతే మారినారు, నాలిక మారాల కదా." కొంచెం ఆగి గొంతు తగ్గించాడు. "ఇంకోటి సూసినారా? తెల్లారి ఆరాధనకు మొగమంతా ఉబ్బరించుకోని వస్తాడు. కండ్లకింద సంచులు. రాత్రిపూట ఏం తాగతాడో. మనింట్లో తాగడు గానీ."

నేను ఆ రెండవ మాటను నమ్మలేదు. మొదటిదాన్ని నమ్మాను.

ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ పాత్ర నా చేతికే వచ్చింది. హేమలత గారు ఎవరితోనూ కలిసేవారు కారు. ప్రతి రెండవ గురువారం దంపతులిద్దరూ తొలి బస్సుకు వెళ్లి చీకటి పడ్డాక తిరిగి వచ్చేవారు. ఎక్కడికని అడిగితే "బంధువుల ఇంటికి" అనేవారు. కమిటీ కోరిక మీద నేను బిషప్పు గారికి లేఖ సిద్ధం చేశాను. గురువు సంఘ సభ్యుల ఇళ్లలో నీళ్లయినా ముట్టడం లేదని, సంస్కారంలో నియమాన్ని ఉల్లంఘిస్తున్నారని, దీనికి కులభావమే కారణమని సంఘం భావిస్తున్నదని, వెంటనే బదిలీ చేయవలసిందని. మంచి ఇంగ్లీషులో, ఒక్క కఠినమైన పదం లేకుండా రాశాను. పదకొండుమంది సంతకాలు పెట్టారు. అక్టోబరు కమిటీ సమావేశంలో తీర్మానం చేసి పంపాలని నిర్ణయం.

అయితే విచారణ లేకుండా ఆరోపణ చేయడం నా పద్ధతి కాదు. ఆయన కుప్పంలోనూ ఇలాగే ప్రవర్తించారని రుజువు దొరికితే లేఖకు బలం వస్తుందనుకున్నాను. ఒక సోమవారం పలమనేరులో బస్సు మారి కుప్పం వెళ్లాను. అక్కడి గుడి కావలివాడు, అయ్యగారిని దగ్గరగా ఎరిగినవాడు శాంతిపురంలో ఉండే మునస్వామి అని చెప్పాడు. గ్రానైటు రాళ్లు కోసే పని. మధ్యాహ్నానికి అతని ఇల్లు పట్టుకున్నాను. తలమీద ఇంకా రాతిపొడి ఉంది. నన్ను మంచం మీద కూర్చోబెట్టి చెంబుతో నీళ్లిచ్చాడు.

"జయకర్ గారు మీ ఇంట్లో ఏమైనా తీసుకునేవారా?" అని సూటిగా అడిగాను.

"తీసుకోకుండానా సార్. మీరు కూసున్న మంచం మీదే కూసోని, ఆ చెంబే ఎత్తి గటగటా తాగేటోడు. మా ఇంట్లో రాగిముద్ద అంటే పానం ఆయప్పకు. కడాన ఒక ఏడాదే, నీళ్లు మానుకునింది."

"ఎందుకు మానుకున్నారు?"

అతడు నన్ను తేరిపార చూశాడు. "మీరు ఆయప్పకు ఏమవతారు?"

"ఆ సంఘానికి కార్యదర్శిని."

"అయితే మీకు తెలిసే ఉంటాదే. తెలిసి నన్ను యాల అడగతాండారు?"

"తెలుసు. మీ నోట వినాలని వచ్చాను" అన్నాను. అది అబద్ధం. నా వయసులో, నా హోదాలో, ఒక కూలివాడి ముంగిట కూర్చుని ఆడిన అబద్ధం.

అతడు తేలికపడ్డాడు. "చెప్పినారా మీకు. మంచిపని చేసినారు సార్. ఒగరికన్నా తెలిసుండాల. రెండు కిడ్నీలూ సెడిపోయినాయని వేలూరు ఆస్పత్రిలో సెప్పినప్పుడు నేను పక్కనే ఉండాను. పొద్దుట్నించి పండుకునేదాకా మూడు టీ గలాసుల నీళ్లే అన్నారు. కాఫీ అయినా మజ్జిగైనా అన్నీ దాంట్లోనే. మించితే కాళ్లు, మొగం ఉబ్బుతాయి, ఊపిరాడదు. మాత్రలకే రెండు గలాసులు పోతాయి. మిగిలిన ఒకటి నాలిక తడుపుకోను. ఎండలో నడిసొచ్చి, నేను తాగతా ఉంటే ఆ తట్టు తిరుక్కోని కూసునేటోడు. ఇప్పుడన్నా రెండువారాలకొగసారి పోతాండారా వేలూరికి?"

"వెళుతున్నారు."

"పైవాళ్లకు తెలియనీకండి సార్. తెలిస్తే పనికిరాడని రిటైర్ చేసేస్తారంట. బంగళా మూడునెల్లకు ఖాళీ చెయ్యాల. వాళ్లకు వేరే ఇల్లు లేదు. పాప పది గట్టెక్కేదాకానన్నా ఎట్లనో లాగాలని ఆయమ్మ మా ఆడదాని కాడ ఏడిసింది."

తిరుగు బస్సులో నా చేతిసంచిలో ఆ లేఖ ఉంది. కులభావం అనే పదాన్ని ఇంగ్లీషులో ఎంత నిర్దుష్టంగా రాశానో నాకు గుర్తుంది. నిజం చెప్పి ఆయన మీది నింద తొలగించవచ్చు. కాని అంజినప్ప చెవిన పడిన నిజం వారం తిరక్కుండా బిషప్పు గారి బల్ల మీద ఉంటుంది. నిజం చెప్పకుంటే లేఖ వెళుతుంది. ఏ దారిన చూసినా ఆ కుటుంబం లారీ ఎక్కవలసిందే. పలమనేరులో బస్సు కోసం గంటసేపు నిలబడి కూడా నాకు మూడవ దారి కనబడలేదు. పుంగనూరు దగ్గరపడుతుండగా కనబడింది. అది నాకు ఏమాత్రం నచ్చలేదు.

అక్టోబరు రెండవ ఆదివారం ఆరాధన తరువాత సమావేశమయ్యాము. జయకర్ గారు అంగళ్లు గ్రామంలో ప్రార్థన కూడికకు వెళ్లారు. అంజినప్ప లేఖ బయటికి తీయమన్నాడు.

"లేఖ పంపడం లేదు. ఆయన తప్పేమీ లేదు. ఆ రెండూ నేనే చేయించాను" అన్నాను.

ఎవరికీ అర్థం కాలేదు. నేను నిలబడి, తరగతిలో పాఠం చెప్పినట్లు చెప్పాను. సంఘంలో ఇంత అనుభవమున్న పెద్దకు బల్ల దగ్గర ఏదైనా ప్రత్యేకత ఉండాలని నాకు అనిపించిందని, పాత్రలో మిగిలింది సంవత్సరం దాకా బల్ల దగ్గరి పెద్దకే, అంటే నాకే, ఇవ్వమని మొదటి వారమే ఆయనను ఒత్తిడి చేశానని. కింది వీధి ఇంట తాగితే పై వీధివారు అలుగుతారు కనుక ఒక సంవత్సరం పాటు ఎవరి ఇంటా ఏదీ తాగవద్దని ఆయనతో మాట కూడా తీసుకున్నానని. కొత్తవారు కనుక ఆయన కాదనలేకపోయారని.

"మరి లేఖ మీరే రాస్తిరే" అన్నాడు అంజినప్ప.

"మీరంతా అడిగారు. నిజం ఒప్పుకోవడానికి సిగ్గుపడ్డాను."

వాళ్లు నమ్మరేమోనని భయపడ్డాను. ప్రశ్నలకు సమాధానాలు కూడా సిద్ధం చేసుకున్నాను. వాటి అవసరం రాలేదు.

"నేను అప్పుడే అనుకుంటి. పాత్ర పట్టుకున్నప్పుడు సార్ మొగంలో ఆ ఠీవి సూసినప్పుడే అనుకుంటి" అంది చెంగమ్మ.

"స్కూల్లో కూడా ఇంతే కదా. ఈయన చెయ్యి పడకుండా గంట కూడా మోగేది కాదు" అన్నారెవరో వెనుకనుండి. నవ్వారు.

ఇరవై ఏళ్లుగా నేను వారికి ఎవరినో నిమిషంలో తేలిపోయింది. కార్యదర్శి పదవి అంజినప్పకు ఇస్తూ తీర్మానం జరిగింది. బల్ల దగ్గర సాయానికి రాజగోపాల్‌ను నియమించారు.

"అయితే మిగిలింది రాజగోపాల్ తాగాలా, అయ్యగారు తాగాలా?" అని అంజినప్ప అడిగాడు.

"పెద్దకే ఇస్తానని సంవత్సరం దాకా మాట ఇచ్చారు. గురువు చేత మాట తప్పించకండి" అన్నాను. దానికి ఎవరూ అడ్డుచెప్పలేదు. నా మీది కోపంలో వాళ్లు ఆయన మాటను గౌరవించారు.

ఇక ఒక పని మిగిలింది. నేను చెప్పిన కథ జయకర్ గారికి తెలియాలి. లేకపోతే రేపు ఎవరో పరామర్శిస్తే ఆయన అమాయకంగా కాదంటారు. సాయంత్రం ఐదు గంటలకు బంగళాకు వెళ్లాను. ఆయన ఇంకా రాలేదు. హేమలత గారు తలుపు సగం తెరిచి, ఆ సందులోనే నిలబడ్డారు. లోపల కీర్తి లెక్కలు చేసుకుంటోంది.

జరిగినదంతా నెమ్మదిగా, ఏదీ వదలకుండా చెప్పాను. వేలూరు అన్న మాట నా నోట రాగానే ఆమె వెనక్కి చూసి, బయటికి వచ్చి, తలుపు దగ్గరగా వేశారు.

"ఎవరు చెప్పినారు మీకు?"

"అది నేను చెప్పకూడదు."

"మీరు ఈ నాలుగు నెల్లు మా మీద కన్నేసి ఉండారు సార్. మా ఆయన్ను పంపించేదానికి కాగితం రాసినారని నాకు తెలుసు. ఇప్పుడు ఊరంతటి ముందర తప్పు మీమీద వేసుకున్నానంటాండారు." ఆమె గొంతు పెరగలేదు. "మీకేం కావాల?"

"ఏమీ వద్దమ్మా."

"ఏమీ వద్దనేవాళ్లు ఇంత పని చెయ్యరు."

జవాబు వెతికాను. జీవితమంతా సరైన వాక్యం కోసం నేను వెతుక్కోవలసిన అవసరం రాలేదు. ఆమె నమ్మగలిగిన వాక్యం ఒక్కటీ దొరకలేదు.

"ఆ కాగితం యాడుంది?" అన్నారు.

జేబులోంచి తీసి ఇచ్చాను. ఆమె నిలబడే మొదటి నుండి చివరిదాకా చదివారు. సంతకాలు లెక్కపెట్టారు. నాలుగు మడతలు పెట్టి గుప్పిట్లో బిగించుకున్నారు.

"దీనికి నకలు ఉందా?"

నేను రాసే ప్రతి లేఖకూ కార్బను పెడతాను. నలభై ఏళ్ల అలవాటు.

"ఉంది. రేపు ఉదయం తెచ్చి ఇస్తాను."

"ఇప్పుడే తెండి సార్" అన్నారు ఆమె. "మా ఆయన వచ్చేలోపల తెండి. నేను ఈడనే నిలబడి ఉంటాను."

మా ఇల్లు అక్కడికి అర ఫర్లాంగు. వీధి మలుపు తిరిగేటప్పుడు వెనక్కి చూశాను. ఆమె మెట్ల మీదే నిలబడి, నేను ఏ వైపు తిరుగుతానో చూస్తున్నారు.