కుడివైపు మందం

"వచ్చేసిందోయ్!" అంటూ కొత్త పెళ్లికొడుకు పార్సిలుతో వంటింట్లోకి గంతులేశాడు. స్టూడియోలో పాటల సౌండు సరిచేసే ఉద్యోగం అతనిది. ఇంట్లో యాంప్లిఫయరు కొన్నాళ్లుగా కుడివైపు మందంగా పలుకుతోందని శబ్దాన్ని పెంచే కొత్త ఆప్-ఆంప్ చిప్పు తెప్పించాడు.

"నన్ను కాదు, దాన్నే కట్టుకోవాల్సింది," అంది భార్య నవ్వుతూ.

పాత చిప్పు పీకి, కొత్తది అమర్చి పాట పెట్టాడు. కుడివైపు అదే మందం.

"నాకు రెండువైపులా ఒకేలా వినిపిస్తోందండీ."

అతను కుర్చీ వెనక్కి తిప్పి, స్పీకర్లకు వీపుపెట్టి కూర్చున్నాడు. లోపం యాంప్లిఫయరుదైతే మందం ఇప్పుడు ఎడమవైపుకి మారాలి. అది కుడి చెవిలోనే ఉండిపోయింది. అంటే లోపం తన చెవిదే.

"ఈ చెవులు పోతే నాకింకే పనీ రాదే," అన్నాడు నీరుగారిపోయి.

 ఆమె అతని చెయ్యి పట్టుకుని, "రేపు పొద్దున్నే చెవుల డాక్టరు దగ్గరికెళ్దాం, నేనూ వస్తా," అంది.