లోపలి గొళ్లెం

"మిక్సీ జార్ మంచిగ కడుగు సృజనా. నిన్న కొబ్బరి చట్నీల అల్లం వాసనొచ్చింది," అంది మా అత్త శ్యామలమ్మ, పూజగదిలోంచే. కడుగుతున్నాను. బ్లేడు కింద వేలు పెట్టి మరీ తోముతున్నాను. చెవులు మాత్రం ముందుగదిలో ఉన్నాయి. అక్కడ నా ఆఫీసు కంప్యూటర్ ముందు మా ఆయన దయాకర్ కూర్చున్నాడు.

నా ఉద్యోగం సంగతి చెబితే మా అత్తకు నవ్వు. ఒకే కంప్యూటర్ లోపల విడివిడిగా నడిచే వర్చువల్ మిషన్లుంటాయి. తెరమీద బొమ్మలు వేసే గ్రాఫిక్స్ కార్డు ఒక్కదాన్నే వాటన్నిటికీ పంచే పద్ధతి నేను తయారుచేస్తాను. ఒక్కోటీ కార్డంతా తనదే అనుకుంటుంది. "గంటే ఒక్క కోడలు ఇంటిల్లిపాదికీ చేసినట్టా?" అని అడిగిందోసారి. ఔననే అన్నాను. అయితే ఒకరు వాడిన మెమొరీని ఇంకొకరికి ఇచ్చేముందు తుడవాలి. లేదంటే మొదటివాళ్ల బొమ్మ రెండోవాళ్ల తెరమీద ఓ క్షణం కనబడిపోతుంది. అచ్చం జార్‌లో అల్లం వాసనే. ఆ తుడిచే కోడ్ రాసింది నేనే. నిన్న మా మేనేజర్ యుగంధర్, "అది తీసెయ్, స్పీడ్ పడిపోతున్నది. డెమో ఉంది మనకు. ఆడోళ్లకు ఎప్పుడూ కడుగుడు, తుడుసుడే," అన్నాడు. మీటింగంతా నవ్వింది. ఎదురు చెబితే ఏమవుతుందోనని భయపడి, సరేనని తీసేశాను.

ఇంట్లో ఉన్న కంప్యూటర్‌లోనూ ఇదే పద్ధతి. ఒక వర్చువల్ మిషన్ నాది, ఒకటి దయాకర్‌ది. ఇళ్ల ప్లాన్లు త్రీడీలో గీస్తాడు. "ఇంత పెద్ద మిషన్ నీ ఒక్కదానికేనా?" అని పంచుకున్నాడు. నా ఫోన్ పాస్‌వర్డునూ అలాగే పంచుకున్నాడు. ఆఫీసు కాల్‌లో మాట్లాడుతుంటే వెనకాల నిలబడి వింటాడు. ఓ మధ్యాహ్నం గొళ్లెం పెట్టుకుని పనిచేసుకున్నందుకు, సాయంత్రానికి స్క్రూడ్రైవర్ తెచ్చి ఆ గొళ్లెమే ఊడదీశాడు. "మొగుడు పెళ్లాల నడుమ గొళ్లెమేందే?" అన్నాడు. "నిజమే గదా," అంది మా అత్త. స్క్రూల రంధ్రాలు ఇప్పటికీ తలుపుకి అలాగే ఉన్నాయి.

పొద్దున టీ మరిగేలోపు నా మిషన్‌లో ఓ ఫోటో చూశాను. ఏ.ఎస్. రావు నగర్‌లో రోసమ్మగారు ఆడవాళ్లకు అద్దెకిచ్చే గది అది. మంచాన్నీ, కిటికీనీ పట్టించుకోలేదు. తలుపు లోపలి గొళ్లెం తెర నిండేదాకా పెద్దది చేసుకుని చూశాను. "సాయంత్రంలోగ చెప్పమ్మా, ఇంకొకామె సుత అడుగుతున్నది," అన్నారు ఆమె ఫోన్‌లో. ఆలోచించి చెబుతానని పెట్టేశాను. అన్నీ మూసేసి, చెరిపేసి వంటింట్లోకొచ్చాను. దయాకర్ తన మిషన్ తెరుస్తున్న చప్పుడు వినబడ్డాకే గుర్తొచ్చింది, నిన్న తుడవడం తీసేసిన కోడే ఇంట్లోనూ నడుస్తోందని. అమ్మో!

"సృజనా, జెర ఇటు రా!"

జార్ చేతిలో ఉండగానే వెళ్లాను. నీళ్లు నేలంతా కారుతున్నాయి.

"నాది ఓపెన్ చేయంగనే ఏందో గొళ్లెం బొమ్మ వచ్చి పోయింది. ఏందది? నీ టెస్టింగ్ బొమ్మనా?"

అబద్ధాన్ని ఆయనే నా నోటికందించాడు. ఊఁ అంటే చాలు, మళ్లీ టిఫిన్లు, చట్నీలు. నిన్న యుగంధర్‌కూ ఇలాగే ఊఁ అన్నాను. డెమోలో ఎవరి బతుకు ఎవరి తెరమీద పడుతుందో! ఆ తుడిచే కోడ్ మళ్లీ పెట్టాలి, అతనితో కొట్లాడైనా సరే. కానీ ముందు ఇది.

జార్ బల్లమీద పెట్టాను. చెయ్యి చీరకు తుడుచుకుని, దయాకర్ చూస్తుండగానే ఫోన్ కలిపాను.

"రోసమ్మగారూ, నేను సృజనను. ఆ గది నాకే ఉంచండి, సాయంత్రం వస్తున్న. ఒక్కటి చెప్పండి... ఆ లోపలి గొళ్లెం గట్టిగనే పడ్తదా?"