ఖాళీ గడుల్లో బుటాలు

నేతకిచ్చిన గ్రాఫు గడుల్లో సాయిశ్రీ పెట్టిన చుక్కలు నూట నలభై. మగ్గం మీంచి దిగిన గుడ్డలో జరీ బుటాలు నాలుగు వందలు. రెండుసార్లు లెక్కపెట్టింది. మూడోసారి పెట్టలేదు.

"నాయనా, ఖాళీ గడులల్ల బుటాలు ఎవరు ఎయ్యమన్నరు?"

గోపాలయ్య నూలు కండె పక్కన పెట్టాడు. "మాకిచ్చే గ్రాఫుల ఎప్పుడైనా జర్రంతనే గీస్తరు. మిగతది మేమే నింపుకుంటం. గద్వాల చీరల బుటా తప్పితే నేసెటోడు నిద్రవోయిండంటరు."

"ఇది చీర గాదు!"

వనపర్తి కాలేజీలో ఆమె ఎమ్మెస్సీ ఫిజిక్స్ చదువుతోంది. ఎల్లుండి అక్కడ ప్రదర్శన. నెగ్గిన ఒక్కరిని రేడియో టెలిస్కోపు దగ్గర నెల రోజుల శిక్షణకు పంపుతారు. అందుకోసం ఒక సర్పిలాకార గెలాక్సీ పటం నేయమని తండ్రికి ఇచ్చింది. ఒక్కో బుటా ఒక్కో వాయు మేఘం. నక్షత్రాలు పుట్టేది ఆ మేఘాల్లోనే. అవి గెలాక్సీ అంతటా సమానంగా ఉండవు. లోపలి భాగంలో, సుడి తిరిగిన చేతుల వెంట గుంపులుగా ఉంటాయి. చేతుల మధ్య తక్కువ. ఆ తేడా చూపడమే ఆమె పని. గుడ్డలో ఇప్పుడు చేతులే లేవు.

"ఆకాశం గింత అడ్డదిడ్డంగ నేస్తదా?" అన్నాడు గోపాలయ్య, ఆమె గ్రాఫు చూస్తూ.

"నేస్తది!"

"జర మెల్లగ," వంటింట్లోంచి తల్లి పెంటమ్మ అరిచింది. "ఆకాశం కాడ గూడ పంచాయితీయేనా మీకు?"

"పన్నెండు దినాలు కూసున్న. నడుము వోయింది. మంచి జేస్తే తిడుతుంది నీ బిడ్డ."

"మంచి ఎవరు జెయ్యమన్నరు? ఉన్నది జెయ్యమన్న!"

గోపాలయ్య కత్తెర తెచ్చి, గుడ్డ తిరగేసి, బుటా వెనక జరీ పోగు కోసి లాగాడు. గోటితో రుద్దితే నూలు దగ్గరికి జరిగింది. తర్వాతది. ఆ తర్వాతది. ప్రతి పోగునూ నేల మీదికి విసిరాడు.

తప్పు బుటా పోకుండా సాయిశ్రీ గ్రాఫు పట్టుకుని పక్కన కూర్చుంది. ఇరవై బుటాలు పోయాక ఫోనులో అసలు మేఘాల జాబితా తెరిచి చూస్తే ఆమె వేలు ఆగింది. తర్వాతి గడిలో ఒక మేఘం ఉంది. చేతుల మధ్య అలాంటివి పద్దెనిమిది. గ్రాఫు గీసినప్పుడు వాటిని తనే వదిలేసింది, చేతులు తేటగా కనబడాలని.

"ఆగు నాయనా. అది ఉండనియ్యి."

"మల్లేంది?"

"ఆడ మేఘం ఉన్నది."

"గ్రాఫుల లేదు గద?"

"నేనే పెట్టలే. చూస్తందుకు బాగుండదని."

గోపాలయ్య కత్తెర కింద పెట్టి కూతురి వైపు చూశాడు. "ఉన్నది జెయ్యమన్నవ్ గద నాకు?"

ఆమె ముఖం మండింది. తిట్టడానికి ఈసారి ఎవరూ దొరకలేదు. సుద్దముక్క తీసుకుని, జాబితా చూస్తూ, చేతుల మధ్య ఉంచాల్సిన గడుల మీద గీతలు పెట్టింది. పదహారు గీతల తర్వాత చెయ్యి ఆగిపోయింది.

"ఇంక రెండు?" అన్నాడు.

"నువ్వు పీకినవాటిలనే ఉండె."

గోపాలయ్య నేల మీది జరీ పోగుల్లోంచి పొడుగువి రెండు ఏరాడు.

"సూది తే."