శ్రీరంగప్ప లారీకి టర్బో

లారీ యజమాని శ్రీరంగప్ప గోనెసంచిలోంచి టర్బో తీసి షెడ్డులో బల్ల మీద పెట్టగానే మెకానిక్ చౌడప్ప దాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. బెంగళూరు పాత సామాన్ల అంగట్లో కొన్నది. రెక్కల నిండా మాడిన ఆయిలు జిగటగా పట్టి ఉంది. ఇరుసు పట్టుకుని కదిపితే లొడలొడలాడింది.

"దీన్ని మన లారీకి తగిలించప్పా. శనక్కాయల లోడుతో పెనుకొండ ఎక్కుడులో ఎవుడూ మనల్ని దాటకూడదు."

పొగ వేగంతో తిరిగి ఇంజినులోకి అదనంగా గాలిని తోసేది టర్బో. గాలి ఎక్కువైతే బలమూ ఎక్కువే, వేడీ ఎక్కువే. శ్రీరంగప్ప లారీలోని ఆరు సిలిండర్ల ఇంజినేమో పదిహేనేళ్లది.

"రింగులు అరిగిపోయినాయన్నా. ముందు ఇంజిను విప్పి పిస్టన్లు మార్చాల. ఈ టర్బోలో ఆయిలు ఆపే సీళ్లు కూడా కొత్తవి వేయాల."

"అన్ని దినాలు లారీ నిలబెట్టేకి అయితుందా? నా జాగాలో షెడ్డు పెట్టుకోని నాకే నీతులు చెప్తాండావే!"

బుక్కరాయసముద్రం రోడ్డులోని ఆ జాగా నిజంగా శ్రీరంగప్పదే. చౌడప్ప ఇంజిను విప్పకుండానే టర్బో బిగించడం మొదలుపెట్టాడు. పానా తిప్పినంతసేపూ తన మీద తనకే రోత పుట్టింది. చివరికి డీజిలు పంపు స్క్రూకు తీగ చుట్టి సీసం ముద్ర వేశాడు.

"దీన్ని ఎవురూ ముట్టొద్దు. డీజిలు పెంచితే ఇంజిను మాడిపోతాది" అని డ్రైవరు జయరాముడికి యజమాని ఎదుటే చెప్పాడు.

పది రోజులు లారీ బాగానే తిరిగింది. పదకొండో రోజు పెనుకొండ ఎత్తు ఎక్కుతుండగా మధ్యలో టర్బో సీలు పగిలింది. ఇంజిను తన ఆయిలు తానే తాగుతూ పిచ్చెత్తినట్టు అరవసాగింది. ఆపే నాబు లాగినా ఆగలేదు. పక్క సీట్లో ఉన్న శ్రీరంగప్ప దూకి పొలాల్లోకి పరిగెత్తాడు. జయరాముడు బ్రేకు బిగించి, చక్రాలకు రాళ్లు పెట్టి, బానెట్టు ఎత్తి గాలిగొట్టంలో దుప్పటి కుక్కాడు. ఇంజిను ఆగింది. ఎర్రగా కాగిన టర్బోకు తగిలి అతని కుడి అరచేయి తోలు ఊడిపోయింది.

మర్నాడు లారీని షెడ్డుకు లాక్కొచ్చారు. చౌడప్ప మొదట పంపు చూశాడు. ముద్ర లేదు. స్క్రూ రెండు చుట్లు తిప్పి ఉంది.

"ఎవురు తిప్పినారు?"

"నేనే ఇంకోచోట తిప్పించినాలే" అన్నాడు శ్రీరంగప్ప తమలపాకు నములుతూ. "బెంగళూరులో ఇంకొక టర్బో చూసి పెట్టినా. ఈసారి గట్టిగా బిగించు."

"జయరాముడు ఎట్లుండాడు?"

"ఆసుపత్రిలో ఉండాడంట. వేరే డ్రైవరు దొరికినాడులే."

చౌడప్పకు నోట్లో చేదు ఊరింది. పక్కకు తిరిగి ఉమ్మేశాడు.

"నీ ఇంజిను నేను ముట్టను. నీ జాగా నువ్వే ఉంచుకో."

సాయంత్రంలోగా సామానంతా బండికెత్తించి, ఊరికి ఆ కొసన ఒక రేకుల కొట్టంలోకి మారాడు. జయరాముడి చేయి మానడానికి రెండు నెలలు పట్టింది. వేళ్లు మాత్రం పూర్తిగా ముడుచుకోలేదు. ఆసుపత్రికి వెళ్లిన ప్రతిసారీ చౌడప్ప ఆ చేతి వైపు చూడలేక గోడ వైపు చూస్తూ మాట్లాడేవాడు.

ఆ తర్వాత టర్బో పెట్టమని చాలామందే వచ్చారు. ముందు ఇంజిను విప్పనిస్తే సరే అనేవాడు. కుదరదన్నవాళ్లను లారీతో సహా గేటు బయటనుంచే పంపించేశాడు.