స్టెప్స్ పంపు

"స్టెప్స్ పంపు" అని రవికిరణ్ మెసేజ్ వచ్చేసరికి ప్రవీణ ఆఫీసు బస్సులో గచ్చిబౌలి దాటలేదు. కింద ఏడో తరగతి లెక్కల పుస్తకం పేజీ ఫొటో. ఏడాదిగా ఇదే తంతు. కూతురు రసజ్ఞ నాన్నమ్మ ఫోన్లోంచి డౌట్లు నాన్నకి పంపుతుంది, నాన్న అమ్మకి పంపుతాడు. అమ్మ ఒళ్ళో బ్యాగు మీద కాగితం పెట్టుకుని, లెక్కంతా వరసగా విడమరిచి రాసి, ఫొటో తీసి పంపుతుంది. ఏడున్నరకి ఆయనగారు సోఫాలో కూర్చుని, ఫోను ఓరగా చూసుకుంటూ "చూడమ్మా, ముందు ఒక్కరోజు పనెంతో కనుక్కోవాలి" అని మొదలుపెడతారు. ఆ వేళకి ప్రవీణ వంటింట్లో దొండకాయలు తరుగుతూ ఉంటుంది.

"నేనే చెప్తానండీ దానికి" అందొకసారి. "నువ్వు వంట చూసుకో, చదువు నేను చూస్తా. పనులు పంచుకున్నట్టుంటుంది" అన్నాడు. పంచుకోవడమట! అత్తగారు నాగేశ్వరి అయితే మనవరాలికి మార్కులొచ్చినప్పుడల్లా "మా వాడి బుర్రేనమ్మా దీనికి" అని మురిసిపోతుంది. డిగ్రీ లెక్కల్లో యూనివర్సిటీ ర్యాంకు తెచ్చుకున్న కోడలు అక్కడే నిలబడి మజ్జిగ వడ్డిస్తూ ఉంటుంది.

అదీ భరించింది. కానీ మొన్న రసజ్ఞ స్కూల్లో వ్యాసం రాసి తెచ్చింది. 'మా నాన్నకి రాని లెక్క లేదు. నాకు నాన్నలా అవ్వాలని ఉంది. మా అమ్మ పులిహోర బాగా చేస్తుంది.' అత్తగారు దాన్ని మూడుసార్లు చదివించుకుంది. రవికిరణ్ కళ్ళు చెమర్చాయి. అవి అమ్మ చేసిన లెక్కలని ఒక్క మాటైనా అంటాడేమోనని ప్రవీణ అతని మొహంలోకే చూస్తూ నిలబడింది. అతను కళ్ళు తుడుచుకుని కూతుర్ని ముద్దుపెట్టుకున్నాడు. ఒళ్ళు మండిపోయింది ప్రవీణకి. అసూయే, ఇంకో పేరెందుకు? కట్టుకున్న మొగుడి మీద, కన్నకూతురి కళ్ళలో అతనికి దొరికే ఆ మెరుపు మీద పచ్చి అసూయ.

ఆ మంట చల్లారకముందే ఇవాళ్టి లెక్క వచ్చింది. ఒక గోడని ఒక మేస్త్రీ పన్నెండు రోజుల్లో, ఇంకో మేస్త్రీ ఆరు రోజుల్లో కడతారు. కలిసి కడితే ఎన్ని రోజులు? రోజుకి ఒకరిది పన్నెండో వంతు, ఇంకొకరిది ఆరో వంతు. కలిపితే నాలుగో వంతు, అంటే నాలుగు రోజులు. చిటికెలో తేలిపోయింది. ప్రవీణ పెన్ను తీసి, పన్నెండూ ఆరూ కూడి, రెండుతో భాగించి, తొమ్మిది రోజులు అని నీటుగా రాసి పంపేసింది. పట్టుకుంటాడేమో చూద్దాం అనుకుంది. ఏం పట్టుకుంటాడు, నా మొహం! అక్షరం పొల్లుపోకుండా కూతురికి అప్పజెప్పాడు.

మర్నాడు సాయంత్రం ప్రవీణ చెప్పులు విప్పుతుండగానే ఇంట్లోంచి వెక్కిళ్ళు వినిపించాయి. క్లాసులో అదే లెక్క ఇచ్చారట. బోర్డు మీద చేయమంటే రసజ్ఞ ధీమాగా వెళ్ళి తొమ్మిది అని రాసిందట. "ఒక్కడే ఆరు రోజుల్లో కట్టే గోడకి, ఇద్దరైతే తొమ్మిది రోజులా?" అని ఆమని మేడం అడిగేసరికి క్లాసంతా గొల్లుమన్నారట.

"వింటే కదా! ధ్యాసంతా ఎక్కడో!" అన్నాడు రవికిరణ్, ఫోను జేబులో పెట్టుకుంటూ. ఒక్కసారి ప్రవీణ వైపు చూసి, చూపు తిప్పేసుకున్నాడు.

"నాన్న కరెక్ట్‌గానే చెప్పుంటారమ్మా" అంది పిల్ల, ముక్కు తుడుచుకుంటూ. "నేనే తప్పుగా విన్నాను. నాకు లెక్కలు రావు, అంతే."

ప్రవీణ భుజం మీది బ్యాగు అక్కడే వదిలేసింది. పన్నెండేళ్ళైనా నిండలేదు, అప్పుడే ఎవరి తప్పో తన నెత్తిన వేసుకోవడం వచ్చేసింది దీనికి! తను ఉడుక్కున్నది మొగుడి మీద, దెబ్బ తగిలింది పిల్లకి. ఛీ, ఎంత పని చేశాను అనుకుంది.

కూతురి పక్కన కింద కూర్చుని, చేయి పట్టుకుంది.

"నీ తప్పేం లేదు తల్లీ. ఆ తొమ్మిది నేనే రాసి నాన్నకి పంపాను, కావాలనే."

"ప్రవీణా!" అన్నాడు రవికిరణ్. అత్తగారు టీవీ గొంతు తగ్గించింది.

ప్రవీణ అతని వైపు చూడలేదు.

"ఆ ఒక్క తప్పే కాదు రసజ్ఞా, ఏడాదిగా నీకు సరిగ్గా వచ్చిన లెక్కలన్నీ కూడా నావే."