బొల్లావు కంటి మందు, యంజ్మా తిట్లు

బొల్లావుకు ఎడమ కన్ను నిరుడే పోయింది. ఈ వేసవిలో ఈగలు కుడి కన్నునూ పట్టుకున్నాయి. ఒకటే నీరు కారడం, నల్లగుడ్డు మీద మీగడలాంటి పొర. పశువుల డాక్టరు మందు ట్యూబు చేతిలో పెట్టి, "రెప్ప కింద పడాలి. లేదంటే ఇదీ పోతుంది" అన్నాడు. గుడ్డి ఆవును ఈ గడ్డి మైదానాల్లో చలికాలం దాకా ఎవరూ ఉంచరు. మంచు పడకముందే కోతకు పోతుంది.

దాన్ని సీసాపాలు పట్టి పెంచింది లువ్సాన్ భార్య యంజ్మా. ఆవిడ మోకాలి నొప్పితో పట్నం ఆస్పత్రిలో ఉంది. ఆవిడ తప్ప ఇంకెవరు తల ముట్టుకున్నా ఆవు ఊరుకోదు. లువ్సాన్‌నైతే దగ్గరికే రానివ్వదు. మనుషుల్ని ఎరిగిన పశువు మరి.

పాలు పితికేవాళ్ల దేల్ తొడుక్కుని వెళితే, ఆ పొడుగు అంగీ వాసనకు ఆవు లొంగుతుందని అక్కడ అందరికీ తెలుసు. లువ్సాన్ భార్య దేల్ తొడుక్కుని వెళ్లాడు. ఆవు ఒక్క తాపు తన్నింది.

పక్క గుడారం గొంబో గుర్రం దిగకుండానే పలకరించాడు. "వదినా, ఆస్పత్రి నుంచి ఎప్పుడొచ్చావు?"

"నోరు మూసుకుని వచ్చి తాడు పట్టుకో."

"దేల్ తళతళా మెరుస్తోందేం అన్నా?"

"పాలకంపు కొడుతుంటే నిన్న ఉతికా."

"వాసన కోసం తొడుక్కునేదాన్ని ఉతికావా? నీకంటే ఆ ఆవు నయం."

గుట్ట ఎక్కితేగాని ఫోనుకు సిగ్నల్ అందదు. ఆవిడ గొంతైనా వినిపిద్దామని ఇద్దరూ కలిసి ఆవును పైకి లాక్కెళ్లారు.

"నా దేల్ ఉతికావా?" గొంబో సంగతి చెప్పగానే స్పీకరులో యంజ్మా గొంతు ఖంగుమంది. "ఏళ్ల తరబడి పట్టిన వాసనయ్యా అది. నీ బుర్రలో ఉన్నది మెదడా, ఎండు పెరుగా?"

ఆవు చెవులు నిక్కించి అలాగే నిలబడిపోయింది. గొంబో ఫోను దాని చెవి దగ్గర పెట్టాడు. లువ్సాన్ రెప్ప ఎత్తబోయేసరికి తిట్లు తగ్గాయి, ఆవు తల విదిలించింది.

"ఆపకే," అన్నాడు లువ్సాన్.

"తిట్టడానికి ఇంకేం మిగిలిందని?"

"టీ గిన్నె మాడ్చా."

మళ్లీ అందుకుంది. అదీ చల్లారుతుంటే, "నీ పట్టు తలగుడ్డతో పొయ్యి తుడిచా," అన్నాడు. ఆ తిట్ల వానలో మందు రెప్ప కింద పడింది, కన్నంతా పరుచుకుంది.

గొంబో ఫోను అతని చేతికిచ్చి, నవ్వుకుంటూ గుట్ట దిగిపోయాడు.

"పడిందా మందు?" అంది యంజ్మా, కాస్త మెత్తబడి.

లువ్సాన్ ట్యూబుకు మూత బిగించి జేబులో వేసుకున్నాడు. ఆవు పక్కనే గడ్డిలో చతికిలబడ్డాడు.

"ఇంకా లేదు," అన్నాడు. "నువ్వు కానియ్."